కుర్చీ మారినప్పుడు కబురెలా వస్తోంది? ప్లేస్టేషన్ మాటతీరుపై బెజవాడ నుంచి ఒక సమీక్ష

గవర్నర్‌పేటలోనో, గుంటూరు అరండల్‌పేటలోనో పీఎస్5 (సోనీ ప్లేస్టేషన్ 5 గేమ్ కన్సోల్) కొన్నవాళ్ళు ఒక్క పెట్టెకే డబ్బు కట్టలేదు. అది ఏళ్ళ తరబడి పనికి రావాలంటే అవతల సర్వర్లు నడవాలి, స్టోర్ తెరిచి ఉండాలి, వస్తాయన్న గేములు రావాలి. అంటే సగం డబ్బు కంపెనీ మాట మీద పెట్టినట్టే. అందుకే ఈ సమీక్ష కన్సోల్ గురించి కాదు. పైన పెద్దలు మారిన ప్రతిసారీ సోనీ తన ఆటగాళ్ళతో ఎలా మాట్లాడింది, ఆ మాటల్లో కొన్నవాడికి అక్కరకొచ్చేది ఎంత అన్నదే ఇక్కడి విషయం. తీర్పు ముందే చెప్పేస్తాం: అయిదుకు రెండున్నర. ఎవరు పోతున్నారు, ఎవరొస్తున్నారు, ఏ తేదీన అన్నది సోనీ చక్కగా చెబుతుంది. మన జేబుకూ మన గేములకూ సంబంధించిన సంగతులు మాత్రం వాటాదారులకు చెబుతుంది, మన వైపు తిరిగి చెప్పదు.

ముందు కుర్చీల లెక్క, అంటే సోనీలో ప్లేస్టేషన్ విభాగానికి సీఈఓలు ఎప్పుడెప్పుడు మారారన్నది. 2019 ఏప్రిల్ 1న జాన్ కొడేరా స్థానంలోకి జిమ్ రయాన్ వచ్చారు. 2024 ఏప్రిల్ 1న రయాన్ స్థానంలో హిరోకి టొటోకి తాత్కాలికంగా కూర్చున్నారు. అదే ఏడాది జూన్ 1న హెర్మన్ హల్స్ట్, హిడెయాకి నిషినో ఇద్దరూ కలిసి సీఈఓలయ్యారు. 2025 ఏప్రిల్ 1 నుంచి నిషినో ఒక్కరే మొత్తానికి పెద్ద, హల్స్ట్ చేతిలో స్టూడియోలు. ఆరేళ్ళలో నాలుగు మార్పులు. ఈ నాలుగింటినీ సోనీ ముందుగానే, తేదీతో సహా ప్రకటించింది. ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు.

వంక పెట్టాల్సింది వీటి మధ్యలో జరిగిన ఒక మార్పుకు. 2019 సెప్టెంబర్ 30న, షాన్ లేడన్ వెళ్ళిపోతున్నారని ప్లేస్టేషన్ ఖాతా నుంచి ఒక ట్వీట్ వచ్చింది. ఏటా జరిగిన ఈ3 గేముల ప్రదర్శనలో వేదిక మీద ఏళ్ళ తరబడి కనిపించిన మనిషి ఆయన, గేములు తయారుచేసే సోనీ స్టూడియోలన్నిటికీ పెద్ద. ట్వీట్‌లో కృతజ్ఞతలున్నాయి, శుభాకాంక్షలున్నాయి. ఎందుకు వెళ్తున్నారో లేదు, ఆ పని ఎవరు చూస్తారో లేదు. ఆ జవాబు నవంబర్ 7న గానీ రాలేదు: హల్స్ట్ స్టూడియోలకు పెద్ద, షుహెయ్ యోషిదా చిన్న స్టూడియోల గేముల వైపు. అయిదు వారాల పాటు పీఎస్5 గేములు తయారుచేస్తున్న విభాగానికి పెద్ద ఎవరో బయటివాళ్ళకు తెలియలేదు. ఆ ఏడాదే సోనీ ఈ3కి వెళ్ళడం మానేసింది. మార్చి 25న స్టేట్ ఆఫ్ ప్లే అనే వీడియో పద్ధతి మొదలైంది. గేముల ట్రైలర్లు చూపించడానికి ఆ పద్ధతి బాగుంటుంది. కానీ వేదిక మీద నిలబడి జవాబు చెప్పే మనిషి ఆటగాళ్ళకు ఉండాలి. ఆ మనిషి కనబడకుండా పోవడం అప్పుడే మొదలైంది.

ఇక అసలు విషయం, జిమ్ రయాన్ నిష్క్రమణ. 2023 సెప్టెంబర్ చివర్లో ప్రకటన వచ్చింది. అందులో ఏముందో వరసగా చూడండి. 2024 మార్చిలో రిటైర్ అవుతారు. అక్టోబర్ నుంచే టొటోకి చైర్మన్‌గా వచ్చి పని అందుకుంటారు. యూరప్‌లో ఇల్లు, అమెరికాలో ఉద్యోగం, రెండూ సర్దుకోవడం కష్టమవుతోందని కారణం కూడా చెప్పారు. 1994 నుంచి ఆయన కంపెనీలో ఉన్నారు. ఆరు నెలల ముందు కబురు, కారణం, తర్వాతి మనిషి పేరు: ఒక కార్పొరేట్ ప్రకటనకు కావలసినవన్నీ ఉన్నాయి.

అయితే దానికి సుమారు నెల ముందు, ఆగస్టు 30న, పీఎస్ ప్లస్ (ఆన్‌లైన్ ఆటకూ నెలవారీ గేములకూ కట్టేది) ఏడాది చందా పెరుగుతోందని చెప్పారు. అమెరికా లెక్కలో అందులోని ఎసెన్షియల్ రకం 59.99 డాలర్ల నుంచి 79.99కి, ఎక్స్‌ట్రా 99.99 నుంచి 134.99కి. మన రూపాయల ధరలూ ఆ వెంటే పెరిగాయి. కొత్తగా కట్టేవాళ్ళకు సెప్టెంబర్ 6 నుంచే అమలు, అంటే మధ్యలో వారం రోజులు (అప్పటికే ఏడాది చందా ఉన్నవాళ్ళకు నవంబర్ 6 నుంచి వచ్చే రెన్యూకు). సీఈఓ మార్పుకు ఆరు నెలల గడువు ఇచ్చిన కంపెనీ, కొత్తగా కట్టే చందా పెంచడానికి వారమే ఇచ్చింది. ఆ వారంలో తెలిసినవాళ్ళు పాత ధరకు మరో ఏడాది కట్టుకున్నారు. తెలియనివాళ్ళకు ఆ అవకాశం దాటిపోయింది.

తర్వాత నవంబర్‌లో టొటోకి మాట్లాడారు. అయితే మనతో కాదు, త్రైమాసిక ఫలితాల సమావేశంలో. 2026 మార్చిలోగా 12 లైవ్ సర్వీస్ గేములు (విడుదలయ్యాక ఏళ్ళ తరబడి ఆన్‌లైన్‌లో నడిపేవి) తెస్తామని రయాన్ హయాంలో చెప్పారు కదా, వాటిని మళ్ళీ పరిశీలిస్తున్నాం, ఆ గడువులో వచ్చేవి 6 మాత్రమే అన్నారు. 2024 ఫిబ్రవరిలో అదే వేదిక మీద ఇంకా పెద్ద మాట: రాబోయే ఆర్థిక సంవత్సరంలో, అంటే 2025 మార్చి దాకా, గాడ్ ఆఫ్ వార్, స్పైడర్‌మ్యాన్ స్థాయి పాత పెద్ద సిరీస్‌ల నుంచి కొత్త గేము ఏదీ రాదు. ఏడాది చందా కట్టాలా మూడు నెలలు చాలా, కన్సోల్ ఇప్పుడు కొనాలా సంక్రాంతి దాకా ఆగాలా అని ఆలోచించేవాడికి ఇంతకన్నా పనికొచ్చే వాక్యం ఇంకోటి ఉండదు. ఆ వాక్యాన్ని వాటాదారులకు చెప్పారు. ఆటగాళ్ళకు మాత్రం వార్తల ద్వారా, చుట్టు తిరిగి చేరింది. ఫిబ్రవరి 27న సుమారు 900 మందిని, అంటే ఉద్యోగుల్లో 8 శాతాన్ని, తీసేస్తున్నామనీ లండన్ స్టూడియో మూసేస్తున్నామనీ రయాన్ లేఖ బయటపెట్టారు. లేఖను దాచకుండా అందరికీ చూపడం మంచిదే. ఏయే గేములు ఆగిపోయాయో మాత్రం అందులో లేదు.

ఇదే కాలంలో ఎలా చెప్పాలో చూపించింది సోనీ కింద ఉన్న ఒక స్టూడియోనే. 2023 డిసెంబర్ 14న నాటీ డాగ్ తమ ది లాస్ట్ ఆఫ్ అస్ ఆన్‌లైన్ గేమును ఆపేస్తున్నామని రాసింది. కారణం దాచలేదు: విడుదలయ్యాక ఏళ్ళ తరబడి దాన్ని నడపాలంటే స్టూడియో మొత్తం దానికే పనిచెయ్యాలి, అప్పుడు కథా ప్రధానమైన గేములు తయారుకావు, అందుకే కథా గేముల దారే ఎంచుకున్నాం అన్నారు. చేదు కబురే అయినా చదివినవాడికి అనుమానం మిగలలేదు. పై ఆఫీసు వాళ్ళు ఆ ఒక్క పేజీని నమూనాగా పెట్టుకుంటే చాలు.

టొటోకి తాత్కాలికంగా ఉన్న రెండు నెలల్లోనే సోనీ విడుదల చేసిన ఆన్‌లైన్ గేము హెల్‌డైవర్స్ 2 గొడవ వచ్చింది. ఆ గేము 2024 ఫిబ్రవరి 8న విడుదలైంది. మే 3న, పీసీలో స్టీమ్ అనే గేముల స్టోర్ మీద ఆడేవాళ్ళు కూడా పీఎస్‌ఎన్ (ప్లేస్టేషన్ నెట్‌వర్క్) ఖాతా తప్పనిసరిగా కలపాలని ప్రకటించారు. తప్పెక్కడ జరిగిందంటే, ఆ నిబంధన విడుదల రోజు నుంచీ కాగితం మీద ఉంది. సర్వర్ల ఇబ్బందితో తాత్కాలికంగా వదిలేశారు, మూడు నెలలు ఖాతా లేకుండా ఆడనిచ్చారు. ఆ మూడు నెలలూ పీఎస్‌ఎన్ లేని దేశాల్లో కూడా గేము అమ్ముతూనే ఉన్నారు. తీరా ఖాతా కావాలనేసరికి ఆ దేశాలవాళ్ళకు ఖాతా తెరిచే దారే లేదు. 177 దేశాల్లో గేమును స్టీమ్ నుంచి తీసేశారు. ఇండియాలో పీఎస్‌ఎన్ ఉంది కాబట్టి మన పీసీ ఆటగాళ్ళకు గేము పోయే ప్రమాదం రాలేదు, కానీ మనవాళ్ళ స్నేహితుల జట్లలో బయటి దేశాలవాళ్ళు ఉంటారు కదా. లక్షకు పైగా వ్యతిరేక రివ్యూలు పడ్డాక, మే 6న, ఆ నిబంధన ఉండదని వెనక్కి తీసుకున్నారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ, ఇక్కడ అడిగింది కొత్తదేమీ కాదు, కొన్న రోజున ఉన్న పద్ధతినే ఉంచమన్నారు.

వెనక్కి తగ్గడం సోనీకి కొత్త కాదు, ఆ తగ్గడంలో రయాన్ తీరు కొంత మెచ్చుకోదగ్గదే. 2021 మార్చి 29న పీఎస్3, వీటా, పీఎస్‌పీ అనే పాత యంత్రాల స్టోర్లు వేసవిలో మూసేస్తామన్నారు. ఏప్రిల్ 19న రయాన్ తన పేరుతోనే రాసి, పీఎస్3, వీటా విషయంలో తప్పు నిర్ణయం తీసుకున్నామని ఒప్పుకున్నారు. పీఎస్‌పీ స్టోర్ మాత్రం ఆ జూలైలో మూతపడింది. అదే సెప్టెంబర్‌లో హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్ పీఎస్4 నుంచి పీఎస్5కు ఉచితంగా మారదన్నారు, రెండు రోజుల్లో మార్చుకున్నారు. మార్చుకుంటూనే, ఇకముందు ఇలాంటి సొంత గేములకు 10 డాలర్లు పడుతుందని కూడా అదే పోస్టులో చెప్పేశారు. తప్పు దిద్దుకుంటూ తర్వాతి ధర కూడా అక్కడే చెప్పడం సరైన పద్ధతి. దానికి పూర్తి మార్కులు ఇస్తాం.

ఇద్దరు సీఈఓల కాలం ఏడాది కూడా నిలవలేదు. 2024 మే ప్రకటనలో పని విభజన స్పష్టంగా రాశారు: కన్సోల్, స్టోర్, చందాలు, బయటి కంపెనీలతో ఒప్పందాలు నిషినో చేతిలో, సొంత స్టూడియోల గేములు హల్స్ట్ చేతిలో. చదివేవాడికి ఉపయోగపడేలా రాసిన ప్రకటన అదొక్కటే. ఎందుకంటే ఏ ఫిర్యాదు ఎవరి పరిధిలోదో అందులో తెలుస్తుంది. ఆ ఏడాది ఆగస్టు 23న సోనీ సొంత ఆన్‌లైన్ గేము కాంకర్డ్ విడుదలైంది, సెప్టెంబర్ 3న ఆపేస్తున్నామన్నారు, 6న సర్వర్లు ఆగాయి. కొన్నవాళ్ళందరికీ పూర్తి డబ్బు వాపసు. స్టోర్‌లో కొన్నవాళ్ళకు కట్టిన దారిలోనే, డిస్కు కొన్నవాళ్ళకు కొన్న షాపు ద్వారా. ఎవరికి, ఎంత, ఏ దారిలో అన్నది మొదటి పోస్టులోనే ఉంది. గేము మునిగిపోయినా మాట మాత్రం శుభ్రంగా ఉంది.

ఇండియాకంటూ సోనీ విడిగా మాట్లాడిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో మంచిది పీఎస్5లో ఖరీదైన మోడల్ అయిన పీఎస్5 ప్రో గురించి 2024 నవంబర్‌లో చెప్పినది: వైఫై 7 వాడే 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు అనుమతి లేని కొన్ని దేశాల్లో ప్రో అమ్మడం లేదు, అప్పట్లో వాటిలో ఇండియా ఒకటి. కారణం సాంకేతికంగా, ఒక్క వాక్యంలో ఉంది. దీన్ని పీఎస్5 మొదటి విడుదలతో పోల్చి చూడండి. 2020 సెప్టెంబర్‌లో కొన్ని దేశాల్లో నవంబర్ 12, మిగతా ప్రపంచానికి నవంబర్ 19 అన్నారు. మనకు రాలేదు. 2021 ఫిబ్రవరి 2న వచ్చింది, డిస్కు మోడల్ 49,990, డిజిటల్ 39,990 రూపాయలు. ఈ మధ్య నెలల్లో తేదీ తెలియక, ఎక్కువ పోసి దిగుమతి సరుకు కొన్నవాళ్ళు మన రెండు ఊళ్ళలోనూ ఉన్నారు. బయటి దేశం కన్సోల్‌కు ఇక్కడ సోనీ వారంటీ దక్కుతుందన్న భరోసా లేదు. ఏలూరు రోడ్డులో ప్రో కనబడితే ముందు చూడాల్సింది, కంపెనీ ఇండియా పేజీలో దానికి రూపాయల ధర ఉందా లేదా అని. లేకపోతే అది దిగుమతి సరుకే, వారంటీ షాపువాడి నోటి మాటే.

2025 జనవరి 29న నిషినో ఒక్కరే సీఈఓ అవుతారన్న ప్రకటన వచ్చింది. పదవి చేతికొచ్చేది ఏప్రిల్ 1న. ఆ రెండు నెలల సందులోనే పీఎస్‌ఎన్ కూలింది. అమెరికాలో ఫిబ్రవరి 7 శుక్రవారం సాయంత్రం, మనకు 8వ తేదీ తెల్లవారుజాము. ఆ రోజు రెండో శనివారం, బ్యాంకులకు, చాలా ఆఫీసులకు సెలవు. పటమట, బెంజ్ సర్కిల్ వైపు గేమింగ్ పార్లర్లకు వారంలో ఎక్కువ గిరాకీ ఉండే రోజు. సుమారు 24 గంటలు లాగిన్, స్టోర్, ఆన్‌లైన్ ఆట అన్నీ ఆగాయి. స్టేటస్ పేజీలో ప్రతి వరసా ఎర్రగా ఉంది. ఇబ్బంది తెలుసన్న పొట్టి పోస్టు తప్ప, ఎంతసేపు పడుతుందో, ఖాతాల భద్రతకు ముప్పుందో లేదో ఎవరూ చెప్పలేదు. తిరిగొచ్చాక 'ఆపరేషనల్ ఇబ్బంది' అన్నారు, ప్లస్ చందాదారులకు 5 రోజులు కలిపారు. అంతే. 2011 ఏప్రిల్‌లో 7 కోట్ల 70 లక్షల ఖాతాల సమాచారం పోయిన కంపెనీ ఇది. అప్పుడు కూడా ఏప్రిల్ 20న ఆగిన నెట్‌వర్క్ గురించి, డేటా పోయిందన్న మాట 26న గానీ చెప్పలేదు. అయినా మే 1న అప్పటి ప్లేస్టేషన్ పెద్ద కజ్ హిరాయ్ టోక్యోలో వేదిక మీద తల వంచి క్షమాపణ చెప్పారు. 2025లో పాత పెద్దా కొత్త పెద్దా ఎవరూ ముందుకు రాలేదు. కుర్చీ చేతులు మారుతున్న రోజుల్లో ఇలాంటి ఆపద వస్తే మాట్లాడాల్సింది ఎవరన్నది ముందే తేల్చుకోవాలి. అది తేల్చుకోనట్టే కనబడింది.

ఆ శనివారం ఒక సెట్టింగ్ ముందే పెట్టుకున్నవాళ్ళు మాత్రం కథా గేములు నిక్షేపంగా ఆడుకున్నారు. పీఎస్5లో సెట్టింగ్స్, అందులో యూజర్స్ అండ్ అకౌంట్స్, ఎడమవైపు అదర్, దానిలో కన్సోల్ షేరింగ్ అండ్ ఆఫ్‌లైన్ ప్లే. అది ఎనేబుల్‌లో ఉండాలి. అప్పుడు స్టోర్‌లో కొన్న గేములకు లైసెన్స్ కన్సోల్‌లోనే ఉంటుంది, సర్వర్‌ను అడగాల్సిన పని రాదు. ఒక ఖాతాకు ఒక పీఎస్5లోనే ఇది పనిచేస్తుంది. అన్నదమ్ములో స్నేహితులో ఖాతాలు మార్చుకుని, ఒకరి కన్సోల్‌లో ఇంకొకరిది ఎనేబుల్ చేసుకునే అలవాటు మన దగ్గర ఎక్కువ. అలా చేసుకున్నవాళ్ళ గేములకే ఆ రోజు తాళం పడింది, ఎందుకంటే తమ ఖాతా లైసెన్స్ అవతలివాళ్ళ ఇంట్లో ఉంది. పీఎస్4లో అయితే ప్రైమరీ పీఎస్4గా యాక్టివేట్ చెయ్యడం. డిస్కు గేములకు ఈ బాధ లేదు. కానీ పీఎస్5 స్లిమ్ మోడల్‌కు విడిగా కొని తగిలించే డిస్క్ డ్రైవ్‌ను మొదటిసారి జత చెయ్యడానికి నెట్ కావాలి. కొన్న రోజే తగిలించి చూసుకోండి, అవసరం వచ్చినప్పుడు చూద్దామని పెట్టెలో ఉంచొద్దు.

పోటీ కంపెనీలు ఎలా చేశాయో చూడకపోతే సమీక్ష అన్యాయమవుతుంది. నింటెండో కన్సోల్ స్విచ్ మన ఊళ్ళకు ఎక్కువగా దిగుమతి దారిలోనే వస్తుంది గానీ, మాట విషయంలో నింటెండోదే పైచెయ్యి. 2015 జూలై 11న నింటెండో అధ్యక్షుడు సటోరు ఇవాటా పదవిలో ఉండగానే చనిపోయారు. 13న వచ్చిన ప్రకటన చాలా చిన్నది: పేరు, తేదీ, జబ్బు, ప్రస్తుతానికి కంపెనీ బాధ్యత గెన్యో టకెడా, షిగెరు మియమోటోలది. సెప్టెంబర్‌లో అధ్యక్షుడిగా టట్సుమి కిమిషిమా వచ్చారు. ఆయన ఆటగాళ్ళకు ముఖం తెలియని మనిషి, బ్యాంకు రంగం నుంచి వచ్చినవారు. అయినా ఇవాటా బతికుండగా చెప్పిన కొత్త కన్సోల్ మాటను ఆయన వదల్లేదు. 2016 ఏప్రిల్‌లో 'మార్చి 2017' అని నెల చెప్పారు, 2017 మార్చి 3న స్విచ్ వచ్చింది. 2018 ఏప్రిల్ 26న షుంటారో ఫురుకావా పేరు ప్రకటించి జూన్ 28న పదవి ఇచ్చారు.

ఆ ఫురుకావాదే మనం సోనీ ముందు పెట్టాల్సిన ఉదాహరణ. 2024 మే 7, ఏడాది ఫలితాల రోజు. స్విచ్ తర్వాతి కన్సోల్ గురించి ఈ ఆర్థిక సంవత్సరంలోగా చెబుతాం, జూన్‌లో వచ్చే డైరెక్ట్ అనే గేముల ప్రకటన వీడియోలో మాత్రం దాని ప్రస్తావన ఉండదు అని, తన పేరు పెట్టి, కంపెనీ ఎక్స్ ఖాతాలో జనానికే చెప్పారు. ఎప్పటిలోగా వస్తుందో, ఎక్కడ వెతకొద్దో రెండూ అందులో ఉన్నాయి. 2025 జనవరి 16న కన్సోల్ చూపించారు, మాట నిలబడింది. టొటోకి ఫిబ్రవరి మాట, ఫురుకావా మే మాట రెండూ ఫలితాల సమయంలో చెప్పినవే. ఒకరు పెట్టుబడిదారుల వైపు చూసి ఆగారు, ఇంకొకరు ఆటగాళ్ళ వైపు కూడా తిరిగారు. ఆ తిరగడానికి ఖర్చు ఒక్క పోస్టు.

మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఎక్స్‌బాక్స్‌ది ఇంకో రకం పాఠం. 2013 మే 21న ఎక్స్‌బాక్స్ వన్ చూపించాక 24 గంటలకోసారి నెట్‌కు కలపాలన్నారు, డిస్కు అప్పివ్వడానికి షరతులు పెట్టారు. నెట్ లేనివాళ్ళకు పాత ఎక్స్‌బాక్స్ 360 ఉందిగా అన్నట్టు అప్పటి ఎక్స్‌బాక్స్ పెద్ద డాన్ మాట్రిక్ జవాబిచ్చారు. జూన్ 19న అన్నీ వెనక్కి తీసుకున్నారు, జూలై 1న ఆయన జింగా అనే గేముల కంపెనీకి వెళ్ళిపోతున్నట్టు తెలిసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. 2014 మార్చి 31న ఫిల్ స్పెన్సర్ ఎక్స్‌బాక్స్ పెద్దగా వచ్చి, మే 13న కినెక్ట్ కెమెరా లేని 399 డాలర్ల మోడల్ ప్రకటించారు. పదవిలోకి వచ్చిన ఆరు వారాలకు కొత్త పెద్ద ఒక ధర, ఒక తేదీ చేతిలో పెట్టాడు. నాయకుడు మారాడని జనం నమ్మింది అప్పుడు. కరెంటు కోతలూ నెట్ కోతలూ తెలిసిన మన ఊళ్ళకు ఆ 24 గంటల నిబంధన వచ్చి ఉంటే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు. సెకండ్ హ్యాండ్ డిస్కుల వ్యాపారం మన దగ్గర సగం గేమింగ్‌ను నడిపిస్తోంది.

ఇప్పుడు మన చేతిలో ఉన్న పని. పెద్దలు మారిన వార్త రాగానే షాపుల్లో మొదట వినబడే మాట 'రేటు పెరుగుతుంది, ఇప్పుడే తీసుకోండి'. పై నాలుగు మార్పుల ప్రకటనల్లో ఒక్కదానిలో కూడా కన్సోల్ ధర మాట లేదు. ధరలు వేరే పోస్టుల్లో, వేరే రోజుల్లో వస్తాయి. కాబట్టి ఆ మాట విని తొందరపడొద్దు. చూడాల్సింది చందా. సెట్టింగ్స్‌లో యూజర్స్ అండ్ అకౌంట్స్, అకౌంట్, పేమెంట్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్, సబ్‌స్క్రిప్షన్స్. అక్కడ మీ ప్లస్ ఏ తేదీన అయిపోతుందో ఉంటుంది, ఆటో రెన్యూ ఆపే బటనూ అక్కడే. ఆ తేదీ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. 2021 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంక్ ఆటో డెబిట్ నిబంధనలు మారాక విదేశీ చందాలకు మన కార్డులు చాలాసార్లు తిరస్కరిస్తున్నాయి. రెన్యూ అయిందనుకుంటారు, కాదు. ప్లస్ ఆగితే నెలవారీ గేములకు తాళం పడుతుంది. క్లౌడ్‌లో ఉన్న సేవ్‌లు 6 నెలల తర్వాత పోతాయి. గిఫ్ట్ కార్డ్ కొనేటప్పుడు ఇండియా ఖాతాకు ఇండియా కార్డే, రూపాయల్లో ఉన్నదే తీసుకోవాలి. డాలర్ కార్డు పనిచెయ్యదు, ఖాతా దేశం తర్వాత మార్చుకోవడానికీ వీల్లేదు.

కబురు ఎక్కడ చూడాలన్నది ఇంకో సంగతి. ప్లేస్టేషన్ అధికారిక పోస్టులు తెలుగులో రావు. కన్సోల్ మెనూల్లోనే తెలుగు లేదు. ఆ పోస్టులు చాలావరకు అమెరికా పసిఫిక్ సమయం ఉదయం 8కి పడతాయి, మనకు వేసవిలో రాత్రి 8:30, చలికాలంలో 9:30. స్టేట్ ఆఫ్ ప్లే అక్కడ మధ్యాహ్నం 2కి ఉంటే మనకు తెల్లవారుజాము 2:30 లేదా 3:30. మర్నాడు పొద్దున్నకు తెలుగు యూట్యూబ్‌లో వచ్చేసరికి అందులో పుకారు కలుస్తుంది. ఆ పుకారును కంపెనీ మౌనమే పెంచి పోషిస్తోంది. అందుకే సోనీ గ్రూప్ ఫలితాల రోజులు గుర్తుపెట్టుకోవడం మంచిది: ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబర్, మనకు మధ్యాహ్నం వేళ. పెట్టుబడిదారుల పేజీలో ప్రసంగం పాఠం పెడతారు. గేమ్ అండ్ నెట్‌వర్క్ సర్వీసెస్ అన్న భాగం ఒకటి రెండు పేజీలు మించదు. 'పెద్ద గేములు రావు' లాంటి వాక్యాలు దొరికేది అక్కడే. సమావేశంలో ప్రశ్నలకు చెప్పే జవాబులు ఇంకా ముఖ్యం.

సోనీ నుంచి కోరేది కొంచెమే. పెద్ద మారిన రోజున ప్రకటన కింద ఆటగాళ్ళ కోసం ఇంకో పేరా ఉండాలి: స్టోర్, చందా ధర, ఇంతకుముందు తేదీ చెప్పిన గేములు, ఈ మూడింటిలో ఏది మారుతోంది, ఏది మారడం లేదు. ధర పెంచేటప్పుడు వారం కాదు, కనీసం నెల గడువు. నెట్‌వర్క్ పడిపోయినప్పుడు గంటకో పోస్టు, ఖాతాలు భద్రమా కాదా అన్న ఒక్క మాట మొదటి పోస్టులోనే. ఇండియా ధరలు అదే పోస్టులో, రూపాయల్లో. కాంకర్డ్ డబ్బు వాపసు పోస్టు వచ్చింది ఆ కంపెనీ నుంచే కాబట్టి ఇవి చేతకాని పనులు కావు. పై రెండున్నరలో ఒకటి ఆ పోస్టుకు, ఒకటి తేదీలు ముందే చెప్పినందుకు, అర 2021లో రయాన్ తప్పు ఒప్పుకున్నందుకు.